ఒరిజినల్స్ లేని కట్ట: నేను డ్రాకులా చదివిన వేసవి

డ్రాకులా కథ నాకు తెలుసనే అనుకుంటూ వచ్చాను. నల్లటి పైకోటు, పెదవి చివర రెండు కోరలు, గబ్బిలం, తెల్లారగానే గుప్పెడు బూడిద. టీవీలో సగం సగం చూసిన సినిమాలు, చిన్నప్పుడు కరెంటు పోతే మా పెద్దమ్మ కొడుకు దుప్పటి కప్పుకుని గోడ మీద వేసిన నీడలు, ఇంతే నా పరిజ్ఞానం. తెలిసిన కథకి మళ్ళీ నవల చదవడమెందుకని దాని జోలికి పోలేదు.

నేను గుంటూరులో ఒక సీనియర్ అడ్వకేట్ గారి దగ్గర పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. సివిల్ సైడు. ఆస్తి దావాలు, అగ్రిమెంట్లు, ప్రామిసరీ నోట్లు. కోర్టులో నిలబడి వాదించడం కన్నా కాయితాల మధ్య గడిపేదే ఎక్కువ. లింకు డాక్యుమెంట్లు వరసలో పెట్టడం, ఆస్తి మీద అమ్మకాలూ తాకట్లూ చూపించే ఈసీ చూడడం, ఎక్కడ తేదీ తప్పిందో పట్టుకోవడం నా పని. మే నెలలో కోర్టులకి సెలవులిచ్చేశారు. సార్ బెంగళూరులో కూతురి దగ్గరకి వెళ్ళారు. జనవరిలో విజయవాడ పుస్తకాల పండక్కి వెళ్ళినప్పుడు కొన్న డ్రాకులా బీరువాలో అలాగే ఉంది. సన్నటి పుస్తకం, అట్ట మీద ఎర్ర కళ్ళు. రెండు మధ్యాహ్నాల్లో అయిపోతుందని మొదలుపెట్టాను.

నిజంగానే రెండు మధ్యాహ్నాల్లో అయిపోయింది. అదే అనుమానం తెప్పించింది.

కథ అంతా డైరీలూ ఉత్తరాలే కాబట్టి ప్రతి పేజీ మీదా తేదీ ఉంటుంది. జొనాథన్ హార్కర్ అనే కుర్ర లాయరు ట్రాన్సిల్వేనియాలో కౌంటు కోటకి వెళ్తాడు. మే 3న డైరీ మొదలు. 5, 8, 12, 15, 16. తర్వాత పేజీ తిప్పితే జూన్ 30. కోట గోడ దిగి పారిపోతున్నాడు. ముందుకి తిప్పాను, వెనక్కి తిప్పాను. నెలన్నర ఏమైపోయింది? మా పనిలో 1987 దస్తావేజు తర్వాత నేరుగా 2004 దస్తావేజు పెడితే మధ్యలో ఎవరి చేతులు మారిందో చెప్పమంటాం. ఇక్కడా అదే అడగాలనిపించింది. కుదించిన ప్రతి అని ఆ పుస్తకం మీద ఎక్కడా లేదు. అట్ట లోపల, వెనక, సన్నటి అక్షరాల్లో కూడా లేదు.

రచయిత బ్రామ్ స్టోకర్ 1912లోనే పోయాడు కాబట్టి కాపీరైట్ గొడవ లేదు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో పూర్తి నవల ఉచితంగా దొరుకుతుంది. ఫోన్లోకి దింపుకుని చూస్తే 27 అధ్యాయాలు. నా దగ్గరున్నది దాని బొమికల గూడు. ఏమేం తీసేశారో పోల్చి చూసుకుంటే ఒక సంగతి అర్థమైంది. సినిమాల్లో కనిపించేవన్నీ భద్రంగా ఉంచారు: తోడేళ్ళు, అద్దంలో పడని నీడ, బల్లిలా తలకిందులుగా గోడ పాకడం, ముగ్గురు ఆడవాళ్ళు. తీసేసింది కాయితాల సంగతులు. పిచ్చి కోపం వచ్చింది. మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను.

ఇంగ్లీషు నవల నాకు తేలికేమీ కాదు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. కోర్టు ఇంగ్లీషు వచ్చినంత మాత్రాన కథల ఇంగ్లీషు రాదు. మొదటి రోజు వాక్యానికో మాట మీద వేలు పెట్టి అర్థం చూస్తూ పోతే గంటకి నాలుగు పేజీలు కదిలాయి. ఆ లెక్కన కోర్టులు తెరిచేదాకా హార్కర్ రైల్లోనే ఉంటాడు. మర్నాటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను: ఒక మాట మూడుసార్లు ఎదురైతేనే అర్థం చూడడం. బండి కదిలింది. పైగా ఆ మొదటి అధ్యాయంలో మనవాడు రైలు ఆలస్యమైందని సణుగుతాడు, హోటల్లో తిన్న మిరప పొడి కోడికూర బాగుందని, కాబోయే భార్య మీనా కోసం తయారీ అడగాలని రాసుకుంటాడు. గుంటూరులో కూర్చుని ఆ ముక్క చదువుతుంటే నవ్వొచ్చింది. కారం తిని ఎంత దాహం వేసిందో కూడా రాశాడు.

అసలు హార్కర్ అక్కడికి ఎందుకు వెళ్ళాడో నాకు ఏ సినిమా చూసినా బుర్రకెక్కలేదు. ఇల్లు అమ్మడానికి! కౌంటుకి లండన్ దగ్గర పర్‌ఫ్లీట్‌లో కార్‌ఫాక్స్ అనే పాత బంగళా కావాలి. హార్కర్ ఆ ఆస్తి వివరాలు చదివి వినిపించే చోటు చూస్తే మన దస్తావేజు షెడ్యూలే: సుమారు 20 ఎకరాలు, చుట్టూ ఎత్తైన రాతిగోడ, లోపల చెరువు, ఇంటిని ఆనుకుని పాత చర్చి, పక్కన మతి చెలించినవాళ్ళ ఆసుపత్రి. అన్ని వైపుల నుంచీ కొడాక్‌తో ఫొటోలు కూడా తీసి పట్టుకెళ్ళాడు. నేను సైటు చూడ్డానికి వెళ్తే చేసేది ఇంతకన్నా ఏముంది?

ఇంకో చోట కౌంటు కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తాడు. ఇంగ్లండులో ఒక మనిషి ఇద్దరు లాయర్లని పెట్టుకోవచ్చా? ఒక ఊళ్ళో డబ్బు వ్యవహారాలకి ఒకరు, ఇంకో రేవులో సరుకు దింపుకోవడానికి ఇంకొకరు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా కుదురుతుందా? హార్కర్ మెచ్చుకుంటాడు, ఈయన లాయరైతే అదరగొట్టేవాడని. నేను మాత్రం ఫోను పక్కన పెట్టి కాసేపు ఫ్యాను వంక చూశాను. ఇలాంటి క్లయింట్లు మా ఆఫీసుకీ వస్తారు. మర్యాదగా మాట్లాడతారు, ఫీజు బేరమాడరు, ప్రశ్నలు చాలా తెలివిగా వేస్తారు. వాళ్ళు లేచి వెళ్ళాక సార్ ఒకటే మాట అంటారు, "ఈ ఫైలు మనకొద్దమ్మా."

ఇదంతా ఇంత కచ్చితంగా ఎలా రాశాడా అని స్టోకర్ గురించి వెతికితే, ఆయన డబ్లిన్‌లో ప్రభుత్వోద్యోగి. పెట్టీ సెషన్స్ అనే చిన్న కేసుల కోర్టులకి ఇన్‌స్పెక్టరు. 1879లో వచ్చిన ఆయన పుస్తకం ఒకటి పూర్తిగా ఆ కోర్టుల గుమాస్తాలు ఏ రిజిస్టరు ఎలా రాయాలో చెప్పేది. తర్వాత లండన్‌లో లైసియం థియేటరు వ్యవహారాలు చూసే మేనేజరుగా ఏళ్ళ తరబడి చేశాడు. 1890లో బారిస్టరుగా కూడా నమోదయ్యాడు, ప్రాక్టీసు మాత్రం పెట్టలేదు. మనవాడే అన్నమాట. 1897లో ఈ నవల అచ్చేసే నాటికి ఆయన ట్రాన్సిల్వేనియా ముఖం కూడా చూడలేదు. మ్యాపులు, రైలు టైంటేబుళ్ళు, లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని రాశాడు.

ఇక తీసేసిన ఆ నెలన్నరలో ఏముందో చెప్పాలి. ఈ నవల నన్ను పట్టుకున్నది అక్కడే.

మే 19. కౌంటు చాలా తీయగా మాట్లాడుతూ హార్కర్ చేత మూడు ఉత్తరాలు రాయిస్తాడు. ఒకటి, ఇక్కడ పని దాదాపు అయిపోయింది, కొద్ది రోజుల్లో బయల్దేరతానని. రెండోది, రేపు పొద్దున్నే బయల్దేరుతున్నానని. మూడోది, కోట నుంచి వచ్చేశాను, బిస్ట్రిట్జ్ అనే ఊరు చేరానని. ఇక్కడ పోస్టు సరిగా నడవదు కాబట్టి ముందే రాసి ఉంచుకోవడం మంచిదంటాడు. తేదీలేం వెయ్యమంటారని హార్కర్ అడుగుతాడు. కౌంటు ఒక్క నిమిషం లెక్క వేసుకుని చెబుతాడు: మొదటిది జూన్ 12, రెండోది 19, మూడోది 29.

అంతే. రక్తం లేదు, కోరలు లేవు. టేబులు, సిరా, మూడు తేదీలు. హార్కర్ ఆ రాత్రి డైరీలో రాసుకుంటాడు, నా ఆయుష్షు ఎంతో ఇప్పుడు తెలిసిందని.

నాకు వెంటనే మా క్లయింటు ఒకాయన గుర్తొచ్చాడు. మిర్చి రైతు. అప్పు తీసుకునేటప్పుడు ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టించుకున్నారు, తేదీ లేదు, అంకె లేదు. నాలుగేళ్ళ తర్వాత దావా పడింది. నోటు మీద అంకె చూసి ఆయన మా ఆఫీసు బల్ల అంచు పట్టుకున్నాడు. సంతకం తనదే. కాదనడానికి లేదు. ఆ చేతివేళ్ళు ఇప్పటికీ నా కళ్ళ ముందుంటాయి, గోళ్ళ కింద మట్టి, బొటనవేలి మీద సిరా మరక. మన చేతి రాతే మన మీదకి తిరగబడితే ఎలా ఉంటుందో ఆయన్ని చూశాక నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. 1890ల నాటి ఇంగ్లీషు కుర్రాడు ఆ మూడు ఉత్తరాలు రాస్తుంటే, "రాయకు బాబూ" అని పైకే అన్నాను. పక్క గదిలోంచి అమ్మ "ఎవరితోనే?" అంది.

కౌంటు అక్కడితో ఆగడు. జూన్ 24 రాత్రి హార్కర్ బట్టలే తొడుక్కుని బయటికి పోతాడు, ఉత్తరాలు పోస్టు చేసింది హార్కరే అని ఊళ్ళోవాళ్ళు చూడాలని. సంతకమూ తయారు, సాక్షులూ తయారు.

ఆ తర్వాత కథ ఇంగ్లండు తీరానికి, విట్బీ అనే ఊరికి వస్తుంది. ఇక్కడ స్వేల్స్ అనే ముసలి నావికుడు యార్క్‌షైర్ యాసలో మాట్లాడతాడు. ఒక పేజీ మీద అరగంట కూర్చున్నా ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరికి పైకి చదివాను. కాయితం మీద రాయిలా ఉన్న మాట గొంతులో పడేసరికి కరిగింది. 'నౌట్' అంటే ఏమీ లేదని అన్నట్టు, అంతే. ఆ ముసలాయన చెప్పేది తెలిశాక వదల్లేకపోయాను. ఇక్కడ ఫలానావారు విశ్రమిస్తున్నారు అని సమాధుల మీద రాసిందంతా అబద్ధం, వాళ్ళలో చాలామంది సముద్రాల్లో పోయారు, రాళ్ళ కింద ఎవరూ లేరంటాడు. రిజిస్టరైన దస్తావేజులో తప్పుడు సంగతి రాసి ఉన్నట్టే. అన్ని అబద్ధాల్నీ ఇంత సరదాగా బయటపెట్టిన మనిషి తర్వాత మెడ విరిగి కనిపిస్తే బాధేసింది.

ఓడ లాగ్‌బుక్కు గురించి రెండు ముక్కలు. డిమీటర్ అనే ఓడ జూలై 6న వార్నా నుంచి బయల్దేరుతుంది, కెప్టెనుతో కలిపి తొమ్మిది మంది. సరుకు 50 పెట్టెల మట్టి. కెప్టెను రాసే ఎంట్రీలు చదువుతూ పోతే మనుషులు ఒక్కొక్కరే తగ్గిపోతుంటారు. అదీ ఎలాగంటే, ఫలానావాడు కనబడడం లేదు, అని ఒక లైను. మళ్ళీ వాతావరణం సంగతి. ఓడ విట్బీకి కొట్టుకొచ్చేసరికి చుక్కానికి చేతులు కట్టేసుకుని చచ్చిపోయిన కెప్టెను తప్ప ఎవరూ లేరు. 1885లో విట్బీ దగ్గర డిమిత్రీ అనే రష్యన్ ఓడ నిజంగానే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. 1890 వేసవిలో స్టోకర్ ఆ ఊళ్ళో గడిపినప్పుడు ఆ సంగతి రాసుకున్నాడు.

మా ఇంట్లో మే అంటే ఆవకాయ. నేను పదకొండో అధ్యాయంలో ఉన్న రోజు అమ్మ వరండాలో చాప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. రెబ్బ చివర గోటితో గిల్లి, పొట్టు పక్కకి, రెబ్బ గిన్నెలోకి. కిలో పైనే ఉంటాయి. చాప నిండా తెల్లటి పొట్టు, ఫ్యాను గాలికి నా కాళ్ళ దాకా ఎగిరొస్తోంది. అప్పటికి లూసీ అనే పిల్ల రోజురోజుకీ పాలిపోతోంది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన ముసలి డాక్టరు వాన్ హెల్సింగ్ ఆమె గది నిండా వెల్లుల్లి పూలు పెట్టించి, మెడలో దండ వేసి, కిటికీలు బిగించి వెళ్ళాడు. పొద్దున వచ్చి చూసేసరికి పూలు లేవు.

"ఏంటే, మొహం అలా పెట్టావ్?" అంది అమ్మ.

"ఒకమ్మాయికి ఒంట్లో బాగాలేదమ్మా. పిశాచం రాకుండా డాక్టరు మెడలో వెల్లుల్లి పూలదండ వేశాడు."

"పిశాచమేంటి, ఆ వాసనకి మనుషులే రారు. బేతాళుడి లాంటివాడా ఆ పిశాచం?"

"ఇంచుమించు. అయితే రాత్రి వాళ్ళమ్మ గదిలోకొచ్చి, ఈ వాసనేంటని పూలన్నీ తీసేసి కిటికీ తెరిచింది."

అమ్మ చెయ్యి ఆగింది. "ఎందుకు పెట్టారో ఆవిడకి చెప్పారా?"

"లేదు. గుండె జబ్బు మనిషి, తెలిస్తే తట్టుకోలేదని చెప్పలేదు."

"మరింకేం? గాలాడక పిల్ల ఉక్కిరిబిక్కిరవుతుంటే ఏ తల్లైనా తీస్తుంది. తప్పు ఆవిడదా, చెప్పనివాళ్ళదా?" అని మళ్ళీ రెబ్బ అందుకుంది. కాసేపాగి, తల ఎత్తకుండానే, "మీ నాన్న ఆపరేషనప్పుడు నాకూ రెండ్రోజులు చెప్పలేదుగా మీరు" అంది.

ఆరేళ్ళయింది ఆ మాటకి. ఇంతవరకూ ఎప్పుడూ ఎత్తలేదు. నేను ఫోను పక్కన పెట్టి, చాప మీద కూర్చుని, వెల్లుల్లి ఒలవడం మొదలుపెట్టాను. గోళ్ళ మంట రాత్రి దాకా తగ్గలేదు.

బేతాళుడి సంగతి అమ్మ ఊరికే అన్నా అందులో చిన్న తీగ ఉంది. విక్రమార్కుడి బేతాళ కథల్ని రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లీషు యాత్రికుడు 1870లో ఇంగ్లీషులోకి తెస్తూ బేతాళుణ్ణి వాంపైర్ అన్నాడు. ఆ బర్టన్‌తో స్టోకర్‌కి పరిచయం ఉంది. మాట్లాడేటప్పుడు పెదవి లేచి బర్టన్ కోరపన్ను బాకులా మెరిసేదని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు కూడా. మన శవం మీది బేతాళుడు మాత్రం వీళ్ళలా కాదు. ప్రశ్న వేస్తాడు, జవాబు వింటాడు, చెట్టెక్కుతాడు. రక్తం జోలికి పోడు.

లూసీకి నలుగురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు రక్తమిస్తారు, ఎవరి గ్రూపు ఏంటో చూడకుండా. గ్రూపులుంటాయని లాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త కనిపెట్టింది నవల వచ్చిన నాలుగేళ్ళకి కాబట్టి వాళ్ళని అనలేం. ఆ పిల్లని పిశాచం చంపిందా, వైద్యం చంపిందా అన్న అనుమానం నాకింకా ఉంది. లూసీ పోయాక సమాధిలో జరిగేది రాయను. అది చదివిన రాత్రి హాల్లో లైటు వేసుకునే పడుకున్నాను.

ఈ నవలలో నాకు నచ్చిన మనిషి మీనా. హార్కర్ భార్య. షార్ట్‌హ్యాండ్ వచ్చు, టైపు వచ్చు, రైలు టైంటేబుళ్ళు కంఠతా. ఒక డాక్టరు తన డైరీని ఫోనోగ్రాఫు సిలిండర్లలో మాట్లాడి పెట్టుకుంటే, ఆమె అవన్నీ విని టైపు చేస్తుంది. భర్త డైరీ, తన డైరీ, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపరు కటింగులు, అన్నీ తేదీల వరసలో పేర్చి మూడేసి కాపీలు తీస్తుంది. అప్పటిదాకా ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉంది. కట్ట కట్టాకే ఆ ముక్కలన్నీ ఒకే మనిషి గురించని తెలుస్తుంది. ఈ పని చేసే చేతులు పుస్తకాల్లో కనిపించడం చాలా అరుదు. పెద్ద కేసుల్లో కూడా పేరు వాదించినాయనకే వస్తుంది, పేజీ నంబర్లు వేసినవాళ్ళకి కాదు.

తీరా కౌంటుని వేటాడే ఆ మగవాళ్ళు చేసిందేంటి? ఆమె కట్టిన కట్ట చదివి, ఆమె తెలివిని తెగ పొగిడి, ఇక మీద ఇది ఆడవాళ్ళ పని కాదు, నువ్వు విశ్రాంతి తీసుకో, ఏమీ చెప్పం అన్నారు. సరిగ్గా ఆ రాత్రుల్లోనే డ్రాకులా మీనా దగ్గరకి రావడం మొదలుపెడతాడు. ఆమె పాలిపోవడం అందరూ చూస్తారు, పాపం దిగులనుకుంటారు. చదివే నాకు లూసీ ఫైలు గుర్తుంది కదా, అదే పాలిపోవడం, అదే మగత నిద్ర. వెల్లుల్లి పూల దగ్గర చేసిన తప్పే మళ్ళీ చేస్తున్నారు. నాకు వాళ్ళ మీద వచ్చినంత కోపం కౌంటు మీద రాలేదు.

ఈలోగా హార్కర్, కౌంటు పడుకునే ఆ 50 పెట్టెల మట్టి ఎక్కడెక్కడికి పోయిందో వెతుకుతాడు. బండివాళ్ళ దగ్గరకెళ్ళి, వాళ్ళ దాహం తీర్చి, ఒక్కో ముక్క రాబడతాడు. కార్‌ఫాక్స్‌లో మిగిలినవి 29. చిక్‌సాండ్ స్ట్రీట్‌కి ఆరు, బెర్మండ్సీకి ఆరు, పికడిల్లీ ఇంటికి తొమ్మిది. కూడితే 50 సరిపోయింది. పికడిల్లీ ఇల్లు కొన్నవాడి వివరం ఏజెంట్లు ముందు చెప్పం అంటారు. వాళ్ళలో ఒకాయన లార్డు, ఆయన పేరు వాడాక ఉత్తరం వస్తుంది: కొన్నది కౌంట్ డి విల్ అనే విదేశీ ప్రభువు, సొమ్ము మొత్తం నోట్ల రూపంలో చేతికిచ్చి కొన్నాడు. బినామీ పేరు, రొక్కం వ్యవహారం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తీరా ఆ ఇంట్లో చూస్తే పెట్టెలు ఎనిమిదే ఉన్నాయి. మిగతా నవలంతా ఆ ఒక్క పెట్టె కోసం పరుగు.

ఆ పరుగు సాగదీశాడు, దాచడమెందుకు. వాన్ హెల్సింగ్ వచ్చీరాని ఇంగ్లీషులో ఇచ్చే ఉపన్యాసాలు మొదట్లో నాకు ధైర్యమిచ్చాయి, నాకంటే ఘోరంగా మాట్లాడుతున్నాడని. ఇరవయ్యో అధ్యాయం దాటాక మాత్రం ఆయన నోరు తెరిస్తే పేజీలు దాటేశాను. కౌంటు కూడా మొదటి నాలుగు అధ్యాయాల తర్వాత ఎక్కడో మెరుపులా కనిపించి పోతుంటాడు.

సినిమాల జ్ఞానం ఒక్కొక్కటే రాలిపోయింది. పుస్తకంలో కౌంటుకి తెల్లటి గుబురు మీసం. పట్టపగలు పికడిల్లీలో నిలబడి ఒక అందమైన అమ్మాయిని చూస్తుంటాడు. ఎండ అతన్ని చంపదు. ఎండకి చావడం 1922లో జర్మన్లు తీసిన మూకీ సినిమా పెట్టిన ముచ్చట. దాని మీద స్టోకర్ భార్య కాపీరైట్ దావా వేసి, ప్రింట్లు నాశనం చెయ్యమని ఆర్డరు కూడా తెచ్చుకుంది. గుండెలో కొయ్య దిగేదీ కౌంటుకి కాదు. నవంబరు 6న, సూర్యుడు కుంగే వేళకి, హార్కర్ కత్తి గొంతు మీద, క్విన్సీ అనే టెక్సాస్ కుర్రాడి కత్తి గుండెలో. హార్కర్ చేతిలోది కుక్రీ. గూర్ఖాల కుక్రీ! అదెలా వచ్చిందో హార్కర్ చెప్పడు.

చివరి పేజీ మే నెలాఖరున పొద్దున్నే చదివాను. ఏడేళ్ళ తర్వాత హార్కర్ రాసిన చిన్న నోటు. ఇనప్పెట్టెలోంచి ఆ కట్ట తీసి చూసుకుంటే ఒరిజినల్ కాయితం ఒకటీ అరా తప్ప ఏదీ లేదు, అంతా టైపు చేసిన కాపీలే, ఈ కథని ఎవరూ సాక్ష్యంగా నమ్మరంటాడు. కౌంటు ఒక రాత్రి ఇంట్లోకొచ్చి రాతప్రతుల్నీ ఫోనోగ్రాఫు సిలిండర్లనీ మంటలో పడేశాడు. ఇనప్పెట్టెలో ఉన్న మీనా టైపు కాపీ ఒక్కటే మిగిలింది.

జూన్‌లో కోర్టులు తెరిచిన మొదటి సాయంత్రం, కాజాల కోసం బాయ్ వెళ్ళినప్పుడు, సార్‌కి కథంతా చెప్పాను. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుస్తూ విన్నారు.

"ఒరిజినల్స్ లేవా?"

"లేవు సార్. కాల్చేశాడు."

"ఎవరు?"

"ప్రతివాదే సార్."

"అయితే సెక్షన్ 65 కింద రావచ్చు," అన్నారు. 2024 జూలైలో కొత్త చట్టం వచ్చి నంబర్లన్నీ మారినా సార్ నోట్లో ఇంకా 1872 నాటి ఎవిడెన్స్ యాక్టే. "అవతలివాడే నాశనం చేశాడని రుజువు చేస్తే కాపీల్ని సెకండరీ ఎవిడెన్స్‌గా తీసుకుంటారు. టైపు చేసిందెవరు?"

"మీనా అని, ఆయన భార్య సార్. ఒరిజినల్స్ చూసుకుంటూ తనే చేసింది."

"ఆవిణ్ణి సాక్షి బాక్సెక్కించండి. కాపీలు ఆవిడ ద్వారానే మార్కు చేయించొచ్చు." కళ్ళజోడు పెట్టుకున్నారు. "ప్రతివాది అడ్రసు ఏది?"

"నాలుగున్నాయి సార్."

"నాలుగింటికీ సమన్లు పంపిద్దాం," అని వాయిదాల డైరీ ముందుకి లాక్కున్నారు.